భోజన్న గదిలో చుట్టాలు

శుక్రవారం పొద్దున భోజన్న పెట్టుకున్న పని ఒక్కటే. గదిలో పరుపులన్నీ మేడ మీద ఎండలో పడేసి, బతా బజారులో కొనుక్కొచ్చిన మందు మంచాల సందుల్లో కొట్టాలి. రియాద్ ఎండ అంతా ఊరికే పోతోంది, ఒక్కరోజైనా దాన్ని పనిలో పెట్టాలని ఆయన ఉద్దేశం.

మందు నల్లులకు. అయితే ఆ మాట గదిలో ఎవరూ పైకి అనరు. ఫలానా గదిలో నల్లులున్నాయని క్యాంపులో పొక్కితే కంపెనీ బస్సులో పక్కన ఎవడూ కూర్చోడు. అందుకని వాటికి చుట్టాలని పేరు పెట్టుకున్నారు. పిలవకుండా వస్తాయి, వచ్చాక కదలవు, మన మంచం మీదే పడుకుంటాయి. ఆ పేరు పెట్టినవాడెవడో గానీ చుట్టాలతో బాగా పడ్డవాడే అయివుండాలి.

సౌదీలో భోజన్నకు నిజమైన చుట్టం కూడా ఒకడున్నాడు, భార్య తమ్ముడు ప్రభాకర్. వీసా చూసి రప్పించింది భోజన్నే. తోటపని అని చెప్పిన వీసా చివరకు తబూక్‌లో గొర్రెల దగ్గర తేలింది. "నన్ను అమ్ముకున్నవ్ బావా" అని పోయినేడు ప్రభాకర్ ఫోన్‌లో ఒక్క మాటన్నాడు. అంతే, అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. కుర్రవాడు తర్వాత అక్కడే నిజంగానే ఒక తోటలోకి మారాడని, బాగున్నాడని భార్య చెబితే భోజన్న విని ఊరుకున్నాడు. అమ్ముకున్నవన్న మాట ఆయన్ని నల్లులకన్నా ఎక్కువ కుట్టింది. ఒక్కగానొక్క బామ్మర్ది ఇక తనకు లేనట్టేనని లోలోపల కుమిలిపోతూనే ఉన్నాడు.

పరుపులు మోస్తూండగా ఊరినుంచి భార్య దేవవ్వ వీడియో ఫోన్ చేసి, కళ్లు అంత ఎర్రగా ఉన్నాయేమని అడిగింది. భోజన్నకు నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"సుట్టాలతోని నిద్ర లేదే. రక్తం తాగుతున్నరు. ఇయ్యాల అందర్ని బంగ్లమీద ఎండలేసి మందు వెడ్త. పీడ వోతది."

అంతలో నెట్ పోయింది. ఆ దేశంలో ఆయనకు ఉన్న చుట్టం తన తమ్ముడొక్కడే అని దేవవ్వకు తెలుసు. వెంటనే తమ్ముడికి ఫోన్ కలిపింది. ప్రభాకర్ అప్పుడే రియాద్ బస్టాండులో దిగాడు. బావతో రాజీ పడదామని, చెబితే వద్దంటాడేమోనని, చెప్పకుండా ద్రాక్షపండ్ల డబ్బాతో వచ్చాడు. అక్క మాటలు విన్నాక, బావ మందు పెడతాడని అతను నమ్మలేదు గానీ, తనను పీడ అన్నాడన్నది నమ్మాడు. తన వల్ల ఆయనకు ఇంకా నిద్ర పట్టడం లేదని అర్థం చేసుకున్నాడు. ఆ మాటేదో మొహం మీదే అనిపించుకుని వెళ్లిపోదామని టాక్సీ ఎక్కాడు.

తమ్ముడు ఆగేలా లేడని దేవవ్వ, ఆపద సమయానికని భోజన్న ఇచ్చి ఉంచిన నంబరుకు ఫోన్ చేసింది. అది క్యాంపు ఇన్‌చార్జి ఖాదర్ మొహిద్దీన్‌ది. ఆయనది ప్రొద్దుటూరు. ఆమె ఏడుపులో ఆయనకు తెలిసింది రెండే ముక్కలు, గదిలో చుట్టాలున్నారని, వాళ్లకు భోజన్న మందు పెడుతున్నాడని. బయటివాళ్లను గదిలో ఉంచుకోవడమే క్యాంపులో నేరం. వాళ్లను చంపడం గురించి కంపెనీ రూల్సులో ఏమీ లేదు గానీ, అది కూడా తప్పే అయివుంటుందనుకుని ఆయన మెట్లెక్కాడు.

మేడ మీద పరుపులు వరసగా పరిచి ఉన్నాయి. భోజన్న మూతికి గుడ్డ కట్టుకుని, మందు డబ్బా పట్టుకుని నిలబడ్డాడు.

"భోజన్నా, నీ రూములో చుట్టాలుండారంటనే. యాడుండారు?"

గుట్టు రట్టయిందనుకున్నాడు భోజన్న. ఎవరు చెప్పారని అడిగితే, మీ ఇంటామె అన్నాడు ఖాదర్. ఊళ్లో ఉన్న దేవవ్వకు ఇక్కడి నల్లుల సంగతి ఎలా తెలిసిందో భోజన్నకు అంతుబట్టలేదు. మేడ మీద బట్టలారేసుకునేవాళ్లంతా ఇటే చూస్తున్నారు. పరువు కోసం గొంతు పెంచి చెప్పాడు.

"నాకు సుట్టాలెవ్వరు లేరు సాబ్. ఒక్కడు గూడ లేడు. ఉంటే చెప్పుతోని నలిపేస్త."

మెట్ల దగ్గర ప్రభాకర్ నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. ద్రాక్ష డబ్బా మెల్లగా కింద పెట్టి వెనక్కి తిరిగాడు.

భోజన్న ఆ వీపు చూశాడు. ఊరుకుంటే పరువు దక్కుతుంది, బామ్మర్ది పోతాడు. మూతిగుడ్డ పీకేశాడు.

"ప్రభాకర్, ఆగురా. సుట్టాలంటే నల్లులురా. మా రూంల నల్లులున్నయ్."

లుంగీ పిండుతున్న ఒకాయన, తమ గదిలో వాటిని అతిథులన్నట్టు మెహమాన్లు అంటారని చెప్పాడు. కింద కిటికీలోంచి ఇంకెవరో, తమవాళ్లు ఫోర్‌మన్లు అంటారన్నారు. అందరూ ఖాదర్ వైపు చూశారు. ఆయన కాలరు కింద గోక్కుంటూ గంభీరంగా ఒప్పుకున్నాడు.

"ఆఫీసులో మేము ఆడిటర్లంటాము."

భోజన్న వెళ్లి ప్రభాకర్ భుజం మీది బ్యాగు తీసుకున్నాడు.

"నిన్ను అమ్ముకోలేదురా. నాకు దెల్వకనే అట్లయింది."

"ఎరుకే బావా. గా ముచ్చట జెప్పుదామనే ఒచ్చిన."

ఇద్దరూ ఏడ్చారు. ఎవరీ మనిషని ఖాదర్ అడిగితే, చుట్టమేనన్నాడు భోజన్న. ఆ మాట మీద మళ్లీ విచారణ మొదలుపెట్టే ఓపిక లేక, ఖాదర్ నాలుగు ద్రాక్షపండ్లు నోట్లో వేసుకుని దిగిపోయాడు.

ప్రభాకర్ ఆదివారం దాకా భోజన్న మంచం మీదే పడుకుని తబూక్ వెళ్లాడు. క్షేమంగా చేరానని ఫోన్ చేస్తూ, చుట్టాలు కూడా తన బ్యాగులోనే వచ్చారని చెప్పాడు. భోజన్న మందు పేరు, కొట్టే పద్ధతి అన్నీ వివరంగా చెప్పి, కొట్టేముందు మాత్రం అక్కకు ఫోన్ చేయొద్దన్నాడు.