మేనేజరు గారి చెక్క అరుగు

ఆ ఆదివారం చూద్దాంరావు పెట్టుకున్న పని ఒక్కటే. పెరట్లో పుచ్చిపోయిన చెక్క అరుగును పీకించెయ్యాలి, మధ్యాహ్నం హాయిగా ఓ కునుకు తియ్యాలి. ఆఫీసు వాళ్ళు అతనికి ఆ పేరు ఊరికే పెట్టలేదు. ఎవరేమడిగినా ఆ నోట్లోంచి "వద్దు" అన్న మాట చచ్చినా రాదు, "సరే, చూద్దాం" అంటాడు. అరుగు కూల్చడానికి బేరమాడిన కాంట్రాక్టర్లందరికీ అదే మాట చెప్పాడు. ఎంతమందికి చెప్పాడో దేవుడికే తెలియాలి.

"ఏమండీ! గేటు దగ్గర ఇద్దరు మేస్త్రీలు కొట్టుకుంటున్నారు. ఇద్దర్నీ మీరే రమ్మన్నారట!" అంటూ భార్య పరుగున వచ్చింది.

"నేనెక్కడ రమ్మన్నానే? చూద్దాం అన్నానంతే."

"చూడ్డానికే వచ్చారు. గునపాలతో సహా."

బక్క మేస్త్రీ ముందు జొరబడి అరుగు పీకడం మొదలుపెట్టాడు. మీసాల మేస్త్రీకి ఒళ్ళు మండింది. "ఇంతమందిని తోలుకొచ్చి ఉత్త చేతులతో పొమ్మంటారా? కనీసం ఆ కంచె అయినా పీకనివ్వండి సార్!"

భార్య నోరు నొక్కేలోపే చూద్దాంరావు అలవాటుగా ఆ మాట అనేశాడు. క్షణాల్లో కంచె నేలకూలింది. కంచె అవతలి ఇల్లు అతని మేనేజరు గారిది. వచ్చేవారం ప్రమోషన్లు ఖాయం చేసేది కూడా ఆయనే.

కంచె పడగానే ఆయన పెరడు కనిపించింది. అక్కడ మూడో ముఠా ఒకటి మేనేజరు గారి చెక్క అరుగును సగం పీకేసి, పలకలు గోడకు చేరేస్తోంది!

"కొంప మునిగిందే! ఈ మూడోవాడికి ఎప్పుడు చెప్పాను?"

"మీరు చెప్పనివాడెవడో గుర్తుచేసుకోండి, అది తేలిక," అంది భార్య. అన్నదే గానీ ఆమె ముఖంలోనూ నెత్తురుచుక్క లేదు. "అయ్యో, మీ ప్రమోషన్!"

మేనేజరు గారు పొద్దున్నే భార్యతో కారెక్కి వెళ్ళారు. సాయంత్రానికి వచ్చేస్తారు. చూద్దాంరావు లుంగీ ఎగగట్టి ఒక్క దూకు దూకాడు.

"ఆపండయ్యా! ఈ ఇల్లు కాదు!"

"అది కాదండీ, మాకు సారు చెప్పింది..." అని మేస్త్రీ ఏదో అనబోయాడు.

"నువ్వేం చెప్పకు! పీకినవన్నీ మళ్ళీ బిగించెయ్!"

మేస్త్రీ నోరెళ్ళబెట్టాడు. "పుట్టి బుద్ధెరిగాక కూల్చడమే గానీ కట్టింది లేదు సార్."

ఇక చూడాలి ఆ హడావిడి! మూడు ముఠాలూ ఏకమయ్యాయి. మేనేజరు గారి అరుగులో పుచ్చిన పలకల బదులు చూద్దాంరావు అరుగులో మిగిలిన గట్టి పలకలు పడ్డాయి. కొత్త మేకులొచ్చాయి, పైన వార్నిషు కూడా పడింది. కంచె మళ్ళీ లేచి నిలబడింది. కునుకు సంగతి ఎవరికీ గుర్తు లేదు.

సాయంత్రం కారు ఆగింది. పెరట్లోకి వచ్చిన మేనేజరు గారు అరుగును చూసి కొయ్యబారిపోయారు. "ఇది... ఇంకా ఉందేంటి?"

"ఎవరో పొరపాటున పీకేస్తుంటే నేనే దగ్గరుండి మళ్ళీ కట్టించాను సార్! ఇక భూకంపం వచ్చినా కదలదు," అన్నాడు చూద్దాంరావు గర్వంగా.

"పీకమన్నది నేనేనయ్యా!" మేనేజరు గారి గొంతు పీలగా వచ్చింది. "మా ఆవిడ ససేమిరా ఒప్పుకోదని, వాళ్ళక్క ఇంటికి తీసుకెళ్ళి, పొద్దంతా అక్కడ కూర్చుని..."

వెనక కెవ్వుమని కేక వినిపించింది. మేనేజరు గారి భార్య బుగ్గలు నొక్కుకుని నిలబడి ఉంది. "నా అరుగు బాగుచేయించారా! అందుకా నన్ను ఇంట్లో లేకుండా చేశారు? బాగుచేయించరని ఇన్నేళ్ళూ మిమ్మల్ని ఎన్నెన్ని మాటలన్నానండీ! ఇక నేను బతికుండగా దీని జోలికి ఎవరొస్తారో చూస్తాను!"

మేనేజరు గారు తేలు కుట్టిన దొంగలా నిలబడి, "నీకోసమేనోయ్," అన్నారు. చూపు మాత్రం చూద్దాంరావు మీదనుంచి తిప్పలేదు.

వారం తిరక్కుండానే చూద్దాంరావుకు బ్రాంచి మేనేజరుగా ప్రమోషన్ వచ్చింది. ఆ బ్రాంచి ఉన్న ఊరికి రైలు ఇంకా పడలేదు.