నలభై సెకన్ల మేలు

ఒకే కంప్యూటర్‌లో రెండు గడియారాలు కలవకపోవడాన్ని చాలామంది జబ్బు కింద లెక్కగడతారు. అది వరమని 2001లో బొల్లారంలోని ఒక మందుల కంపెనీ నిరూపించింది. అందుకు పనికొచ్చిన మనిషి చిట్కుల్ సంగయ్య.

సంగయ్య పన్నెండేళ్లుగా మూడో రియాక్టరు ఆపరేటరు. లోపల ఒత్తిడి పెరిగి ఎర్ర దీపం వెలిగితే చల్లనీళ్ల వాల్వు తిప్పడం అతని పని. ఆ రోజు దీపం వెలిగింది, తిప్పాడు. అయినా ఒత్తిడి ఆగలేదు. రియాక్టరు నెత్తిమీది రక్షణ రేకు పగిలి సరుకంతా ఆవిరై ఎగిసింది. షిఫ్టులో ఉన్నవాళ్లంతా ప్రాణాలు అరచేత పట్టుకుని బయటికి పరిగెత్తారు.

మర్నాడు సంగయ్యకు మెమో వచ్చింది. దీపం వెలిగిన నలభై సెకన్లకు గానీ వాల్వు తిప్పలేదని కంప్యూటర్ చెబుతోంది; ఉద్యోగంలోంచి ఎందుకు తీసేయకూడదో మూడు రోజుల్లో చెప్పుకోవాలి. కంప్యూటర్ చెప్పాక మనిషి చెప్పుకునేదేముంటుంది?

“దీపం ఎలగంగనే తిప్పిన సార్,” అన్నాడు సంగయ్య, ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరు కామరాజుతో. “నలభై సెకన్లు గక్కడ ఊకె నిలవడితే నేను బతుకుదునా?”

కాకినాడ నుంచి వచ్చిన కామరాజు మనుషులకంటే వైర్లను ఎక్కువ నమ్ముతాడు. ఈ ప్రశ్న మాత్రం అతనికి లెక్కలా తోచింది. కంప్యూటర్ మూత విప్పాడు. లోపల కొలతలు రాసుకునే కార్డులు రెండున్నాయి. ఒత్తిడినీ దీపాన్నీ ఒకటి రాస్తుంది, వాల్వునూ నీళ్లనూ ఇంకొకటి. దేని గడియారం దానిదే. రెండింటికీ కలిపి ఒకే బటన్ తగిలించి, సంగయ్యనే నొక్కమన్నాడు. ఆ ఒక్క నొక్కుకు రెండు కార్డులు రాసిన టైములకు నలభై సెకన్ల పైనే తేడా.

“ఒక్కపారే గద సార్ ఒత్తిన?”

“ఒక్కసారే. రెండోదాని గడియారం రోజుకి నాలుగేసి సెకన్లు ముందుకు పరిగెడుతోందయ్యా. ఆపి మళ్లీ మొదలుపెడితేనే రెండూ కలుస్తాయి. పది రోజులై ఈ కంప్యూటర్‌ని ఎవరూ ఆపలేదు.”

కామరాజు రెండు కార్డుల మధ్య జానెడు కేబుల్ బిగించాడు. ఇక మొదటి కార్డు గడియారమే రెండోదానికీ గడియారం. మళ్లీ బటన్ నొక్కితే రెండూ ఒకే టైము రాశాయి.

తర్వాత పాత రికార్డును సరిచేసి చూశాడు. దీపం వెలిగిన రెండో సెకనుకే సంగయ్య వాల్వు తిప్పాడు. ఆ పైన అర నిమిషం దాకా గొట్టంలోకి నీళ్లే రాలేదు. కరెంటు పొదుపని రెండో పంపును ఆపించారు మరి. ఆపించిన కాగితం మీద జనరల్ మేనేజర్ రామలింగేశ్వరరావు గారి సంతకం ఉంది.

కామరాజు రాసిచ్చిన రిపోర్టంతా ఆయన ఓపిగ్గా చదివారు.

“ఈ కేబుల్ ఎవర్నడిగి పెట్టారు కామరాజు గారూ?”

“టైము కలపడానికండి.”

“వారంటీ పోతుంది. తీసేయండి.”

“మరి సంగయ్య?”

“రికార్డు నమ్మదగింది కాదని మీరే తేల్చారు. మెమో వెనక్కి తీసుకుంటున్నాం. నీళ్ల సంగతీ ఆ రికార్డులోదేగా, దాన్నీ నమ్మలేం.”

చూశారా, ఎంతటి న్యాయమో! ఒక్క తేడాతో కార్మికుడూ గట్టెక్కాడు, సంతకమూ గట్టెక్కింది. టైము కలిసి ఉంటే ఇద్దరిలో ఒకరికి కష్టమయ్యేది.

సంగయ్య మళ్లీ షిఫ్టుకెళ్లాడు. పంపు మాత్రం ఒక్కటే నడుస్తోంది. దీపాన్ని నమ్మడం మానేసి, రియాక్టరు చప్పుడు విని, గొట్టం మీద చెయ్యి పెట్టి చూసి, అర నిమిషం ముందే వాల్వు తిప్పసాగాడు. కేబుల్ తీసేయడానికి కంప్యూటర్ ఆపి మళ్లీ మొదలుపెట్టిన ఎనిమిదో రోజున హెడ్డాఫీసు వాళ్లు తనిఖీకొచ్చారు. అప్పటికి వాల్వు గడియారం మళ్లీ అర నిమిషం ముందుకు పరిగెత్తింది. రికార్డులో దీపమూ వాల్వూ ఒకే సెకనులో ఉన్నాయి. ఇంత చురుకైన ఆపరేటరును తామెక్కడా చూడలేదన్నారు.

క్యాంటీన్ హాల్లో సంగయ్యకు సర్టిఫికెట్ ఇచ్చి, రెండు ముక్కలు మాట్లాడమన్నారు. అతను కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“రెండో పంపు జెర నడిపియ్యుండ్రి సార్. దీపం ఎలిగేదాంక ఆగితే అందరం సస్తం.”

రామలింగేశ్వరరావు గారు చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా ఒక్క క్షణం తేడా లేకుండా అందుకుంది.