మేయర్‌గారి రాకాసి గద్ద

రోక్కసెల్వా ఊరికి స్వర్ణయుగం సోమవారం ఉదయం పదకొండింటికి మొదలవుతుందని మేయర్ తారానీగారు మునిసిపాలిటీ బాల్కనీలోంచి ప్రకటించారు. లక్షల ఏళ్ళ కిందట ఈ గర్గానో కొండలు సముద్రం మధ్య దీవులుగా ఉన్నప్పుడు వాటినేలిన రాకాసి గద్దకు ఆయన మ్యూజియం కట్టించారు. ప్రారంభించడానికి రోమ్ నుంచి మంత్రిగారు వస్తున్నారు.

ఆ గద్ద గోరు దొరికింది సవీనో మేస్త్రీకి. క్వారీలో బండల నెర్రెల్లో ఎర్రమట్టి ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా దాన్ని చెత్త కింద పారబోస్తున్న సవీనోకి కిందటి వేసవిలో అందులో వేలెడు గోరు కనపడింది. చూడవచ్చిన ప్రొఫెసరమ్మ, "మిగతా పక్షి అంతా ఈ నెర్రెలోనే ఉంది. వచ్చే ఏడాది సెప్టెంబరులో నేనొచ్చేదాకా చెంచాడు మట్టి కూడా తియ్యనివ్వకండి. మొత్తం దొరికితే మీరు చెప్పిన పేరే పెడతాను," అంది.

సవీనో భార్య పేరు చెప్పాడు.

"ఇన్నేళ్ళ కాపరానికి నన్ను గద్దను చేశావా?" అంది ఇంకొరొనాతా. అన్నదేగాని, ఆ సాయంత్రమే వీధంతా చెప్పుకొచ్చింది. సవీనోకి పెళ్ళినాడు కూడా అంత ఆనందం లేదు. నెర్రె చుట్టూ తాడు కట్టి రోజూ చూసొచ్చేవాడు.

మేయర్‌గారి ముందుచూపు అసామాన్యం. పక్షి బయటపడకముందే దానికి భవనాన్నీ, భవనానికి డైరెక్టరుగా సొంత బావమరిదినీ సిద్ధం చేశారు. లోపల పెట్టడానికి చేయించిన ప్లాస్టరు గద్ద తలుపులో పట్టకపోతే రెక్కలు కోయించారు.

"ఎటూ ఎగరడం మానేసిందిగా," అన్నారు.

ఆదివారం మ్యూజియం ముంగిలి చూసి మాత్రం నొచ్చుకున్నారు. "పూలేవయ్యా?"

"కుండీలున్నాయి బావా, మట్టే లేదు."

"క్వారీలో ఎర్రమట్టి ఊరికే పడుందిగా!"

సోమవారం పొద్దున సవీనో వెళ్ళేసరికి తాడు కట్టింది కట్టినట్టే ఉంది. నెర్రె మాత్రం కడిగిన గిన్నెలా ఉంది.

"పూలకని ట్రాక్టర్లో తీసుకెళ్ళారు మేస్త్రీ. నీ పక్షి పండగకేగా!" అన్నాడు కాపలావాడు.

సవీనో పడుతూ లేస్తూ మ్యూజియం దగ్గరికి పరుగెత్తాడు. బ్యాండు మోగుతోంది. నాలుగు వందల కుండీల్లో జెరేనియం పూలు నవ్వుతున్నాయి.

"మేయర్‌గారూ, పక్షి కుండీల్లో ఉందండీ!"

"లోపలుంది మేస్త్రీ. రంగు కూడా వేయించాం. పక్కకు జరుగు."

బిషప్‌గారు పవిత్రజలం చల్లారు. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, రెక్కల్లేని గద్దను తనివితీరా చూశారు. "అసలు ఎముకలేవీ?"

"దశలవారీగా ప్రజల్లోకి తీసుకెళ్తున్నామండీ," అన్నారు మేయర్‌గారు, జ్ఞాపికగా ఒక పూలకుండీ అందిస్తూ.

మంత్రిగారి బొటనవేలికి మట్టిలో ఏదో గుచ్చుకుంది. పైకి లాగి, "రాళ్ళు ఏరించాల్సింది," అని విసిరేశారు.

మేయర్‌గారు మైకులోనే ఆదేశమిచ్చారు. "కుండీల్లో గట్టిగా తగిలినవన్నీ ఏరి, రోడ్డు గుంతల్లో పోయండి!"

జనం చప్పట్లు కొట్టారు. సవీనో వంగి, మంత్రిగారు విసిరినదాన్ని తీసి, ముందు వరుసలో కొత్త గౌనులో కూర్చున్న భార్య చేతిలో పెట్టాడు.

"ఏంటిది?" అంది ఇంకొరొనాతా.

"నువ్వే," అన్నాడు సవీనో.