గేటుకు వేపకొమ్మలు

కార్తీక ఆదివారం పొద్దున్నే సింహాచలమ్మ పులిహోరకు పోపు వేస్తోంది. భిలాయి తెలుగువాళ్ల వనభోజనాలకు ఏటా పులిహోర కలిపేది వనజాక్షి. ఈసారి బతిమాలి, అలిగి, ఎలాగైతేనేం సింహాచలమ్మ ఆ అవకాశం దక్కించుకుంది. దక్కిన దగ్గర్నుంచీ ఒకటే బెంగ. కిందటేడు మరోదా చెరువు గట్టున దోమలు కుట్టి జనం విస్తళ్ల ముందు నుంచి లేచిపోయారు. వనజాక్షి పులిహోర కాబట్టి తప్పు దోమలదన్నారు. ఈసారి లేచిపోతే పులిహోర బాగోలేదంటారు.

దోమల సంగతి చూసే పూచీ ఆవిడ భర్త గురునాథరావుది. స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాక కూడా హెల్మెట్ లేకుండా స్టూలెక్కని మనిషి. అందరూ పొడుగుచేతుల చొక్కాలు వేసుకురావాలని గ్రూపులో పెట్టాడు. ఒక్కరూ చదవలేదు. పొగ వెయ్యడానికి మోపెడు వేపకొమ్మలు తెచ్చి, మేకలకు అందకుండా గేటుపైన వరసగా కట్టాడు.

కొడుకు రాజేశ్ జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజినీరు. ముందురోజు సాయంత్రం చెరువు దగ్గర చోటు చూడటానికి టీషర్టుతో వెళ్లి ఒళ్లంతా కుట్టించుకొచ్చాడు. దురద తగ్గడానికి తల్లి తడిగుడ్డ అద్ది, ముఖానికీ చేతులకీ గులాబీరంగు లోషన్ చుక్కలు చుక్కలుగా పెట్టి, అది ఆరడానికి వరండా ఎండలో కూర్చోబెట్టింది.

సరిగ్గా అప్పుడే వనజాక్షి వాకింగుకు ఆ వీధిన వచ్చింది. గేటుకు వేపాకు చూసింది, ఒంటినిండా చుక్కలతో ఉన్న రాజేశ్‌ను చూసింది. చెప్పులు విడిచి, రోడ్డుమీదే దణ్ణం పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. అమ్మవారు పోసిన ఇంట్లోకి ఎవరూ అడుగుపెట్టరు, ఏమైందని అడగరు కూడా.

పోపు చల్లారేలోగా గేటు దగ్గర ఎవరో పెరుగన్నం గిన్నె పెట్టి వెళ్లారు. ఇంకెవరో కొబ్బరిబొండాలు పెట్టి పరుగులాంటి నడక నడిచారు. తన పులిహోరకు ముందస్తు మర్యాదలనుకుని సింహాచలమ్మ మురిసింది. అంతలో వనజాక్షి ఫోన్ చేసింది.

"ఒదినా, వంట హోటలుకి చెప్పీసాం. నువ్వేటీ బెంగెట్టుకోకు. తల్లి చల్లగా చూస్తాది."

"ఏ తల్లే? మావోణ్ణి కుట్టినవి దోమలు!"

"అలగనకు, తల్లి వింటాది! ముందు అందరూ అలగే అంటారు."

ఫోన్ పెట్టేసరికి సింహాచలమ్మకు భయం పట్టుకుంది. ఇంతమంది అంటున్నారంటే నిజమేనేమో! వరండాలోకి పరిగెత్తి కొడుకు నుదురు ముట్టుకుంది.

"ఓలమ్మో, కాలిపోతంది! అమ్మవారి ముత్యాల మీద మందు రాసీసేనే! తప్పయిపోనాది తల్లీ!" అంటూ లెంపలు వేసుకుంది.

"అరే మమ్మీ, ఎండలో కూచోబెట్టింది నువ్వే కదా! మచ్ఛర్ హై, దోమలే, ఔర్ కుఛ్ నహీ!"

గురునాథరావు వచ్చి కొడుకు టీషర్టు చెయ్యి పైకి మడిచాడు. దాని కింద ఒక్క దద్దురూ లేదు. "ఇటు సూడు. చొక్కా ఉన్నకాడికి వచ్చి ఆగిపోనాయి. అమ్మవారికి టీషర్టు అడ్డమేటే?"

ఆ భయం దిగింది. ఇక పులిహోర ముట్టేదెవరన్న భయం మిగిలింది.

"పద. నీ పులిహోర, నా వేపాకు. ఎవులూ తినకపోతే మనమే తిందాం," అన్నాడు గురునాథరావు.

గేటుకున్న కొమ్మలన్నీ విప్పుకుని, పులిహోర డేక్సాతో సహా ముగ్గురూ ఆటో ఎక్కారు. చెరువు గట్టున వాళ్లను చూడగానే జనమంతా పరిచిన చాపలు పరిచినట్టే ఎత్తుకుని దూరంగా ఉన్న చెట్టు కిందికి మారారు. అక్కడ హోటలు పొట్లాలు విప్పుతుంటే సింహాచలమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి. ఎవరికీ పెట్టని డేక్సా పక్కన కూర్చోవడం ఆవిడకు చచ్చేంత అవమానంగా ఉంది. గురునాథరావు వేపాకు రాజేశాడు.

పొగ ఆ ముగ్గురి చుట్టూ చిక్కగా అల్లుకుంది. పొగవేసే మనిషినే వెలేసినవాళ్ల దగ్గర వేపరెమ్మ ఒక్కటీ లేదు. ముందు ఒక దోమను కొట్టిన చప్పుడు, తర్వాత పది. పూరీ మొదటి ముక్క నోట్లోకి వెళ్లకముందే అందరూ గోక్కోవడం మొదలుపెట్టారు.

చివరికి వనజాక్షి, బుగ్గలమీద దద్దుర్లతో, ఏడుస్తూ వచ్చి నిలబడింది. "ఒదినా, నాకూ వచ్చీసింది! పొద్దున మీ గేటుకాడ నిలబడ్డాను కదేటి!"

తల్లి చల్లగా చూస్తుందన్న మాట సింహాచలమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ వనజాక్షి కళ్లలో పొద్దున్న తను పడ్డ భయమే కనిపించింది.

"దోమలే ఒదినా. గోక్కోకు, ఇంకా రేగుతాది. పొగలోకి రా." తడిగుడ్డ అద్ది, రాజేశ్ కోసం వెంట తెచ్చిన లోషన్ చుక్కలు పెట్టింది. అది చూసి మిగిలినవాళ్లూ ఒక్కొక్కరే వచ్చారు. అందరికీ చుక్కలు పడ్డాయి. పొగలో కూర్చున్నాక ఆకలి గుర్తొచ్చింది. వనజాక్షి పులిహోర తిని, "పులుపు కాస్త తగ్గింది," అని విస్తరి మళ్లీ చాచింది. సింహాచలమ్మకు ఆ మాట వినిపించలేదు, చాచిన విస్తరే కనిపించింది. డేక్సా అడుగు కనపడేదాకా వడ్డించింది.

మిగిలిన వేపకొమ్మలు తలా కొన్ని పట్టుకెళ్లి, ఇంట్లోకి దోమలు రాకుండా ఎవరి గేట్లకు వాళ్లు కట్టుకున్నారు. మర్నాడు పాలు తెచ్చిన భయ్యా వీధంతా ఓసారి చూసి, చెప్పులు విడిచి, వాళ్ల పాల పేకెట్లన్నీ వీధి మొదట్లోనే పెట్టి దణ్ణం పెట్టుకున్నాడు.

అతను గుమ్మం దాకా వచ్చి పేకెట్టు ఇచ్చింది, గేటుకు వేపకొమ్మ లేని సింహాచలమ్మ ఒక్కదానికే.