సత్యవేణి మీసం లైసెన్సు

కళింగవరంలో ఆడమనిషి పెన్సిలుతో మీసం గీసుకుంటే కన్నతల్లి కూడా గుర్తుపట్టదు కాబట్టి పురపాలక సంఘం వారు మీసానికి లైసెన్సు పెట్టారు. కుళాయి కనెక్షన్లు ఇచ్చే గదిలోనే రెండో బల్ల దగ్గర ఫారాలు దొరుకుతాయి. ఎడంవైపు మీసం లేని ఫొటో, కుడివైపు మీసమున్న ఫొటో అంటించాలి. రెండూ ఒకే మనిషివని గెజిటెడ్ అధికారి ధ్రువీకరించాలి. ఆయనకూ పోలిక కనపడదు గనక నమ్మకం మీద సంతకం పెడతాడు.

ఆ ఫారం తీసుకునే నాటికి సత్యవేణికి ఇరవై ఏడేళ్ళు. ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసేది. తండ్రి సూరన్నకి విత్తనాల దుకాణం ఉంది. అంతకు ముందు రోజే పెళ్ళిచూపులు జరిగాయి. పెళ్ళికొడుకు భానోజీ, కరెంటు మీటర్ల రీడింగు తీసే ఉద్యోగం. చూపుల్లో ఆమె చేత పాట పాడించారు, గుమ్మం దాకా నడిపించి వెనక్కి రమ్మన్నారు, జడ సొంతదేనా అని పెళ్ళికొడుకు పిన్ని లాగి చూసింది. తల ఎత్తకూడదన్నారు గనక సత్యవేణికి అతని పాదాలు మాత్రమే కనపడ్డాయి. గోళ్ళు శుభ్రంగా తీసుకున్నాడని తప్ప అతని గురించి ఆమెకేమీ తెలియలేదు.

"అతనితో ఓ పది నిమిషాలు మాట్లాడతాను నాన్నా" అంది వాళ్ళు వెళ్ళాక.

"పెళ్ళయ్యాక మాట్లాడుకోడానికి బోలెడంత టైముంటుంది" అన్నాడు సూరన్న. అప్పటికే తాంబూలాలకి రోజు చూసేశాడు.

పురపాలక సంఘంలో గుమాస్తా జోగినాయుడు ఆమెని అరగంట నిలబెట్టి ఫారం తీశాడు.

"కారణం అన్న గడిలో ఏం రాయమంటావమ్మా? ప్రేమా, విచారణా, ఇంట్లోంచి పారిపోవడమా?"

"విచారణ."

"మీసం పేరు?"

"సత్తిబాబు."

"సన్నమా, గుబురా? గుబురైతే పోలీసు వారి అనుమతి కావాలి."

"సన్నమే చాలు."

దారంతో బల్లకి కట్టేసిన పెన్సిలు అందించాడు. సత్యవేణి కిటికీ అద్దంలో చూసుకుంటూ పై పెదవి మీద రెండు గీతలు గీసుకుంది. జోగినాయుడు తల ఎత్తి, గబగబా లేచి కుర్చీ జరిపాడు.

"కూర్చోండి బాబూ, నిలబడ్డారేంటి? ఇందాక ఇక్కడో అమ్మాయి ఉండాలి. సంతకం పెట్టకుండానే వెళ్ళిపోయింది, చూడండి."

"ఆమె సంతకం నేను పెడతాను."

"మీరు పెడితే మరీ మంచిది" అని ఫారం ముందుకి తోశాడు.

లైసెన్సు వచ్చిన మూడో రోజున సత్తిబాబు భానోజీని పట్టుకున్నాడు. పాత ఇళ్ళలో మీటర్లు ఎత్తుగా ఉంటాయి. భానోజీ స్టూలెక్కి అంకెలు చదువుతుంటే సత్తిబాబు కింద స్టూలు పట్టుకున్నాడు. వారం తిరిగేసరికి ఇద్దరూ ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేదాకా వచ్చారు. ఆదివారం సాయంత్రాలు రైల్వేగేటు దగ్గర మిరపకాయ బజ్జీలు తింటూ కూర్చునేవారు.

"పిల్ల ఎలా ఉంటుంది?" అని ఒకరోజు సత్తిబాబు అడిగాడు.

"పాపిడి చూశాన్రా. తిన్నగా ఉంది. అంతకు మించి తెలీదు."

"మాట్లాడలేదా?"

"మాట్లాడాలని అడిగాను. పిల్ల బాగా సిగ్గరి, మాట్లాడదు అన్నాడు వాళ్ళ నాన్న." భానోజీ గొంతు తగ్గించాడు. "ఇంకో బాధ ఉందిరా. పెళ్ళిలో మావగారు కాళ్ళు కడుగుతాడు కదా. నాకు అరికాళ్ళలో గిలి. ఎవరైనా ముట్టుకుంటే ఆపుకోలేను. పెద్దాయన వంగి కాళ్ళు కడుగుతుంటే నేను పకపకా నవ్వితే ఏం బావుంటుంది చెప్పు? పైగా ఆయనకి మోకాళ్ళ నొప్పులు. ఆ రోజు చాప మీంచి లేవడానికే గోడ పట్టుకున్నాడు."

తండ్రి గోడ పట్టుకుని లేస్తాడన్న సంగతి ఇంట్లో తను తప్ప ఇంకొకరు గమనించినట్టు సత్యవేణి ఎప్పుడూ వినలేదు. చేతిలో బజ్జీ చల్లారిపోయింది. మర్నాడు పురపాలక సంఘానికి వెళ్ళి, కారణం గడిలో 'విచారణ' కొట్టేయించి 'ప్రేమ' అని రాయించింది. దిద్దుబాటు పక్కన జోగినాయుడు పొట్టి సంతకం పెట్టి ముద్ర వేశాడు.

ఆ మధ్యాహ్నమే తండ్రికి అన్నం వడ్డిస్తూ చెప్పింది: కాళ్ళు కడగడం వద్దు, కన్యాదానం వద్దు, దానమివ్వడానికి తను దూడ కాదు, ఇద్దరూ సమానమైన పీటల మీద కూర్చుని దండలు మార్చుకుని తాళి కట్టించుకుంటే చాలు. సూరన్న శ్రద్ధగా పెరుగు కలుపుకున్నాడు. "ఉప్పు అందుకో" అన్నాడు.

సాయంత్రం సత్తిబాబు, పెళ్ళికొడుకు స్నేహితుణ్ణని చెప్పుకుని, దుకాణానికి వెళ్ళాడు. సూరన్న కుర్చీ తుడిచి వేశాడు, గోళీసోడా తెప్పించాడు. సత్తిబాబు అవే మాటలు అదే వరసలో చెప్పాడు. దూడ మాట కూడా వదల్లేదు. సూరన్న కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"ఎంత చక్కగా ఆలోచించావయ్యా. నాకీ వయసొచ్చినా ఇది తట్టలేదు. మా అమ్మాయికి నీకున్న బుర్రలో సగం ఉంటేనా..."

మర్నాడు భోజనాల దగ్గర ఆ మాటలన్నీ కూతురికి వివరంగా, రెండుసార్లు చెప్పాడు. "బాగుంది నాన్నా" అని సత్యవేణి కూర వేసింది. అనుకున్నది జరిగింది. అయినా ఆ పూట అన్నం సహించలేదు.

పెళ్ళి రోజున చిక్కు వచ్చింది. లైసెన్సు ఏడో నిబంధన ప్రకారం మీసమున్న మనిషీ లేని మనిషీ ఒకేసారి ఒకేచోట అవసరపడకూడదు. ఇద్దర్లో ఎవరో ఒకరు సెలవు పెట్టాలన్నాడు జోగినాయుడు. పెళ్ళికూతురు సెలవు పెడితే బావుండదని సత్యవేణి సత్తిబాబుకి సెలవు పెట్టింది.

పీటల మీద కూర్చున్నాక పంతులుగారు చుట్టూ చూశారు. "సత్తిబాబుగారు రాలేదు కదా. మామూలు పద్ధతిలో కానిచ్చేద్దామా సూరన్నగారూ?"

సూరన్న కూడా నలువైపులా చూసి సరేనన్నాడు. ఇత్తడి పళ్ళెం, నీళ్ళ చెంబు వచ్చాయి. సూరన్న ఒక చేత్తో మోకాలు పట్టుకుని వంగుతున్నాడు. భానోజీ అప్పుడే పెదవులు బిగించాడు.

"వద్దు నాన్నా. వద్దనుకున్నాం కదా" అంది సత్యవేణి.

"అనుకున్నది సత్తిబాబు కదా తల్లీ."

సత్యవేణి బుగ్గ మీద దిద్దిన కాటుక చుక్కని వేలితో తీసి, పై పెదవి మీద అటొకటి ఇటొకటి గీసింది.

"రా బాబూ, ఇంత ఆలస్యమైందేం?" అన్నాడు సూరన్న వెంటనే. పళ్ళెం వెనక్కి పోయింది. పంతులుగారు నాలుగు పేజీలు తిప్పేశారు. పట్టుచీరలో, పూలజడతో సత్తిబాబు కూర్చున్నందుకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పెళ్ళికూతురి తరఫున ఓ పెద్దమనిషి కూర్చున్నాడనుకున్నారు.

కాటుక గీస్తున్నంతసేపూ భానోజీ చూస్తూనే ఉన్నాడు. "నువ్వా?" అన్నాడు మెల్లిగా.

"నేనే."

"ముందే చెప్పొచ్చు కదా."

"పెళ్ళిచూపుల్లోనే నీతో మాట్లాడబోయాను. మీ పిన్ని నాకు దాహమేస్తోందనుకుని మంచినీళ్ళిచ్చింది."

"ఇప్పుడీ తాళి ఎవరికి కట్టాలి?"

"ఇన్నాళ్ళూ ఎవరి మాట విన్నావో వాళ్ళకి."

భానోజీ చాలాసేపు ఆలోచించాడు. పంతులుగారు అదే మంత్రం మూడోసారి చదవాల్సి వచ్చింది. తర్వాత సత్తిబాబు మెడలో మూడు ముళ్ళూ వేశాడు. పెళ్ళి ఆల్బంలో ఎక్కడ చూసినా ఇద్దరు మగవాళ్ళే కనపడతారు. పెళ్ళికూతురు సిగ్గరి, ఒక్క ఫొటోకైనా నిలబడలేదని బంధువులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

కాపురం బాగానే సాగింది. భానోజీ మంచివాడు, వంటింట్లో సగం పని అతనే చేస్తాడు. ఇల్లు కట్టడం, బదిలీ ఆపించుకోవడం, తోడికోడళ్ళ తగాదా తీర్చడం లాంటివన్నీ సత్తిబాబు చూశాడు. లైసెన్సు ఏటా పొడిగించారు. అప్పుడప్పుడు, పెన్సిలు దొరకని రోజున సత్యవేణి ఏదైనా సలహా చెబితే భానోజీ ఓపిగ్గా చివరిదాకా విని, "సత్తిగాడు ఏమంటాడో కనుక్కుందాం" అంటాడు.

నాలుగో ఏడు పాప పుట్టింది. జనన ధ్రువపత్రం కోసం సత్యవేణి పాపని ఎత్తుకుని పురపాలక సంఘానికి వెళ్ళింది. పనులు సులువవుతాయని కొత్త ఫారంలో ఒక గడి పెంచారని జోగినాయుడు చెప్పాడు. ఆడపిల్లలకి పుట్టినప్పుడే మీసం పేరు కూడా నమోదు చేసుకోవచ్చు, పెద్దయ్యాక తిరగక్కర్లేదు.

"రాయకపోతే ఏమవుతుంది?" అని అడిగింది సత్యవేణి.

"ఏమీ అవదమ్మా. ఆడపిల్లగానే ఉంటుంది."

పాప ఆవులించి, తల్లి భుజం మీద తల వాల్చింది. వెనక వరసలో పసిపిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు తొమ్మిదిమంది నిలబడి ఉన్నారు. త్వరగా కానిమ్మని ఒకామె మర్యాదగానే అంది. సత్యవేణి కలం అందుకుని, మంచి మగపేరు కోసం ఆలోచించడం మొదలుపెట్టింది.