నాన్న పరిచిన నేల

ఆదివారం పొద్దున్నే చేపల తొట్టిలో నీళ్ళు మార్చేసి, తొమ్మిదికల్లా పేపరు పట్టుకుని కూర్చోవాలని ఇంటాయన పథకం. గొట్టం ఒక కొస తొట్టిలో, రెండో కొస బకెట్లో పెట్టాడు. అంతలో పాత స్నేహితుడు ఫోను చేశాడు. కాలేజీ పాటల పోటీలో తనకు రావలసిన బహుమతి ఎవరు ఎగరేసుకుపోయారో చెప్పుకుని, బాధపడి, తిరిగొచ్చేసరికి తొట్టిలో చేపలు పక్కకి వాలి ఈదుతున్నాయి. హాలంతా నీళ్ళు.

"తుడిస్తే పోతాయిలే," అన్నాడు భార్యతో.

నీళ్ళు పోయాయి. మంగళవారానికి కిటికీ పక్కన నేలకి పరిచిన చెక్కల్లో మూడు మాత్రం అంచులు పైకి లేచి దొప్పల్లా తయారయ్యాయి.

అది మామూలు నేల కాదు. ఇంటాయన వాళ్ళ నాన్న ఓ వేసవి సెలవులంతా మోకాళ్ళ మీద పాకుతూ, ఒక్కొక్క చెక్కా చిత్రిక పట్టి, తన చేత్తో పరిచింది. ఆయన పోయి ఆరేళ్ళయినా అమ్మ ఆ నేల మీద కుర్చీ ఈడవనివ్వదు, ఎత్తి పెట్టాల్సిందే. ఆవిడ కూతురింటి నుంచి శనివారం వస్తోంది.

"ఉన్నదున్నట్టు చెప్పెయ్యండి. కొట్టరుగా," అంది భార్య.

"కొట్టదు. నాన్న ఫొటో వంక చూస్తుంది. అది నేను తట్టుకోలేను."

అందుకని హీటరు తెచ్చి చెక్కల పక్కన పెట్టాడు. చెక్కలు ఆరాయి, ఆరి, నిలువునా చీలాయి. ఇక తప్పక, నాన్న కాలం నుంచీ తెలిసిన ముసలి వడ్రంగి మేస్త్రీకి కబురు పెట్టాడు.

"తడి చెక్కని తొందరపెడితే ఇలాగే అలుగుతుంది బాబూ. మూడూ మార్చాలి. హాలు ఖాళీ చెయ్యండి," అన్నాడు మేస్త్రీ.

సోఫా, బీరువా, బకెట్లో చేపలు, అన్నీ వరండాలోకి చేరాయి. ఎదురింటి పిన్నిగారు గేటు దగ్గర ఆగి, "ఏమ్మా, ఇల్లు ఖాళీ చేస్తున్నారా?" అంది.

"ఇంకా ఏదీ తేలలేదండీ," అంది భార్య, సరదాకి.

పిన్నిగారికి సరదాలు తెలియవు. ఫోను నంబర్లు తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి టాక్సీ దిగింది అమ్మ.

"నేను బతికుండగానే ఇల్లు అమ్మేస్తార్రా? మీ నాన్న పరిచిన నేల పరాయివాళ్ళ పాలు చేస్తారా?"

"అమ్మటం లేదమ్మా!"

"మరి బీరువా వరండాలో ఎందుకుంది? గాలి పీల్చుకుంటోందా?"

కొడుకు, నాన్న ఫొటోకి వీపు తిప్పి, గొట్టం దగ్గర్నుంచి హీటరు దాకా అంతా చెప్పేశాడు. అమ్మ వంగి చీలిన చెక్కలు చూసింది. చూసి పకపకా నవ్వింది.

"ఈ మూడేనా? ఓరి పిచ్చి నాయనా, ఇవి మీ నాన్న వేసినవి కావురా! నువ్వు ఒకటో క్లాసులో ఉండగా పూలకుండీలకి నీళ్ళు పోసి పోసి నేనే పాడుచేశాను. ఆయన పనిమీద ఊరెళ్ళినప్పుడు, ఇదిగో, ఈ మేస్త్రీ చేతే గుట్టుగా మార్పించాను. పాపం, ఆయన తను వేసినవే అనుకుని, ఇక్కడే కూర్చుని నీకు ఎక్కాలు నేర్పేవారు. పోయేదాకా తెలీదు."

మేస్త్రీ ఉలి కింద పెట్టి దగ్గాడు.

"తెలుసమ్మగారూ."

"ఏం తెలుసు?"

"ఊర్నించి వచ్చిన మర్నాడే నా దగ్గరికొచ్చారు. 'కొత్త చెక్క కొట్టొచ్చినట్టు కనబడుతోంది మేస్త్రీ. నేను కనిపెట్టేశానని ఆవిడకి అనుమానం రాకూడదు. పాతవాటిలో కలిసిపోయేలా రంగెలా పట్టించాలో చెప్పు' అన్నారు. మీరు కూరలకి వెళ్ళినప్పుడల్లా ఆయనే కొంచెం కొంచెం పూశారు."

అమ్మ నేల మీద కూర్చుని, ఆ చీలిన చెక్కల్ని అరచేత్తో నిమిరింది.

"ముప్ఫై ఏళ్ళు... ఒక్క మాట జారలేదు చూడు," అంది, కళ్ళు తుడుచుకుంటూ.

తుడుచుకుంటున్న చెయ్యి మధ్యలో ఆగింది.

"అంత గుట్టు మనిషి నా దగ్గర ఇంకా ఏమేం దాచారో! మేస్త్రీ, ఆ పక్క చెక్క కూడా లేపు."

సాయంత్రానికల్లా చుక్క నీరు తగలని చెక్కలు పదకొండు లేచాయి.