అప్పు చెత్త

భూగోళాన్ని కాపాడే కార్యక్రమాన్ని మా మున్సిపల్ చైర్మన్ కృష్ణకాంత్ గారు పదకొండో వార్డు నుంచి మొదలుపెట్టారు. మిగతా భూగోళం రెండో విడతలో ఉంది.

చౌటుప్పల్ దాటాక హైవే పక్కనే ఉండే మా ఊరు మున్సిపాలిటీ అయ్యాక ఇంత పెద్ద బాధ్యత నెత్తికెత్తుకోవడం ఇదే మొదలు. ‘ఆదర్శ హరిత కుటుంబం’ పోటీ పెడుతున్నామనీ, గెలిచినవారిని మంత్రిగారే ఇంటికొచ్చి సన్మానిస్తారనీ చైర్మన్ గారు మైకులో చెప్పారు. పోటీకి తగిన కుటుంబం మా వార్డులో ఒక్కటే ఉందని అందరికీ తెలుసు. మా గోడ అవతలి అజీజా బేగం ఇల్లు.

ఆమె భర్త ఫక్రుద్దీన్ టైలరు. కత్తిరింపుల్లో మిగిలిన పీలికలు బొంతలవుతాయి. బియ్యం కడిగిన నీళ్లు మేకకు, స్నానం నీళ్లు బీరపాదుకు పోతాయి. ఇంటి వెనుక చిన్న జాగా ఉంది. కాయితం మీద అది మున్సిపాలిటీది, మట్టి మాత్రం అజీజా బేగం మామగారి కాలం నుంచీ వీళ్లు చేసుకున్నదే. తోటకూర, గోంగూర, బీర. మా ఇంట్లో వంట నా చేతికి వచ్చినప్పటి నుంచి వారానికి రెండుసార్లు ఒక స్టీలు గిన్నె గోడ మీదికి వస్తుంది. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని నేను రెండు అరటిపళ్లు పెడతాను. తొక్కలు మేకకు పోతాయి.

ఆ జాగా మీదుగా మురుగునీళ్ల సిమెంటు మోరీ పోతుందని ఇంజనీరు ఎర్ర రంగుతో గీత గీసిపోయి నెల దాటింది. అజీజా బేగం పోయి చైర్మన్ గారిని కలిసింది.

“ఫికర్ చెయ్యకు బేగమమ్మా” అన్నారాయన. “నువ్వు ఆదర్శ కుటుంబం అయితివా, మోరీ పక్కకు జరిగినట్టే. జిమ్మేదారి నాది.”

అలా ఆమె పోటీకి దిగింది.

మార్కులు వేయడానికి శానిటరీ ఇన్‌స్పెక్టర్ నాగేందర్ ట్యాబ్ పట్టుకుని వచ్చాడు. నన్ను సాక్షిగా నిలబెట్టారు.

“తడి చెత్త ఏడున్నదమ్మా?”

“మేక తిన్నది సార్.”

“పొడి చెత్త?”

“ఉల్లిగడ్డల బండాయన తీస్కపోయిండు. పాల కవర్లకు రెండు గడ్డలిచ్చిండు.”

“ఇంకేం లేదా?”

“బూడిదున్నది. గిన్నెలు తోముకుంట.”

నాగేందర్ ట్యాబ్ మీద చాలాసేపు నొక్కాడు. “తడి చెత్త, పొడి చెత్త వేరు చేసుడుకే అరవై మార్కులమ్మా. మీకు సున్నా పడుతున్నది. గది గూడ పడుతలేదు. యాప్ సున్నా తీసుకుంటలేదు.”

“చెత్త ఉంటే గద సార్ వేరు చేసేది” అంది, తప్పు చేసినదానిలా.

“కొద్దిగనన్న చెయ్యాల్సిందమ్మా. ఊరందరు చేస్తున్నరు.”

విషయం చైర్మన్ గారి దాకా వెళ్లింది. అంత పెద్ద మనిషి కసురుకోలేదు. “చెత్త లేకపోవుడు నేరం కాదు. లేనోళ్లను ఆదుకునేటందుకే సర్కారున్నది. అప్పియ్యుండ్రి” అన్నారు.

మరునాడు పొద్దున మున్సిపాలిటీ డ్రైవర్ ఐలేశం ట్రాక్టర్ నిండా చెత్త తెచ్చి వాళ్ల వాకిట్లో పోశాడు. ఆకుపచ్చ డబ్బా, నీలం డబ్బా కూడా ఇచ్చారు. కుటుంబమంతా ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చున్నారు. వేరు చేయడం అలవాటు కావాలి కదా.

“అబ్బా, రాత్రి మనం ఏడు బీర్లు తాగినమంట” అంది ఇంటర్ చదివే కూతురు బుష్రా, సీసాలు పక్కకు పేరుస్తూ.

ఫక్రుద్దీన్ తలెత్తలేదు. “తాగినమో లేదో గని, బిర్యానీ మాత్రం సగం పారేసినం బేటా. మంచిగనే బతుకుతున్నం.”

నాగేందర్ వచ్చి సీసాలు చూసి కంగారుపడ్డాడు. ఐలేశాన్ని పిలిచి కేకలేశాడు. “వైన్ షాపు ముంగటిది తెస్తవా? మంత్రిగారొస్తరు. కుటుంబానికి సూటయ్యే చెత్త తేవాలె. సంసారుల చెత్త.”

ఐలేశం ఊరంతా తిరిగి సంసారుల చెత్త తెచ్చాడు. అందులోనూ నాలుగు సీసాలున్నాయి.

మంత్రిగారి పర్యటన రెండుసార్లు వాయిదా పడింది. తడి చెత్త మంత్రులకోసం ఆగదు. వాసన వచ్చినప్పుడల్లా పాతది ఎత్తి, తాజాది పోశారు. మేకను లోపల గదిలో కట్టేశారు. మా వైపు కిటికీలు నేనే మూసుకున్నాను.

చివరికి మంత్రిగారు వచ్చారు. డబ్బాలను చూశారు. చేతులకు గ్లౌజులు వేసుకున్న కుటుంబాన్ని చూసి కరిగిపోయారు.

“రోజుకు ఎంత చెత్త చేస్తరమ్మా?”

అజీజా బేగం నాగేందర్ వైపు చూసింది.

“ఐదు కిలోలు సార్” అన్నాడు నాగేందర్.

“శభాష్. నలుగురు కూడ లేని ఇంట్ల ఐదు కిలోలు. ఇంత చెత్తను ఇంత ఓపికగా వేరు చేసే తల్లిని నేను ఏ జిల్లాలో చూడలే.”

శాలువా కప్పారు. శాలువా వచ్చిన కవరు మందంగా, కొత్తగా ఉంది. అజీజా బేగం దాన్ని మడిచి నడుముకు చెక్కుకుంది. ఫోటోగ్రాఫర్ ఒప్పుకోలేదు. నీలం డబ్బాలో వేస్తూ నవ్వమన్నాడు. వేసింది, నవ్వింది. కార్లన్నీ వెళ్లాక డబ్బాలో చెయ్యి పెట్టి కవరు తీసి కడిగి తాడు మీద ఆరేసింది.

చైర్మన్ గారు మాట తప్పే మనిషి కాదు. ఆ వారంలోనే ఎర్ర గీతను సున్నంతో కప్పేశారు. మోరీని అవతలి సందులోంచి తవ్వారు. ఆ సాయంత్రం గోడ మీదికి గోంగూర వచ్చింది. గిన్నెలో కాస్త సేమియా కూడా ఉంది.

సోమవారం పొద్దున ట్రాక్టర్ చప్పుడు విని బయటికి వచ్చాను. ఐలేశం బండిని ఇంటి వెనుక జాగాకు రివర్స్ చేస్తున్నాడు. వెనుకే నాగేందర్ బండి దిగాడు.

“పోటీ అయిపాయె గద సార్” అంది అజీజా బేగం.

“అయిపాయెనమ్మా, మీరే ఫస్టు. గని కాయితంల ఖాళీ జాగా అని ఉంటే ఎప్పటికైనా మోరీ పోవాల్నాయె. గందుకే చైర్మన్ సాబ్ దీన్ని వార్డు చెత్త సెంటర్ కింద ఎక్కిచ్చిండు. ఇగ మోరీ రాదు, రోడ్డు రాదు. ఎవ్వలు ముట్టరు.”

“ఎన్ని దినాలు?”

“దినాలేందమ్మా, పర్మనెంట్. ఎట్లాగు వేరు చేసుడు మీకు అలవాటున్నది.”

ట్రాక్టర్ ట్రాలీ మెల్లగా లేస్తోంది. అజీజా బేగం కొంగు నడుముకు చెక్కుకుని పాదుల మధ్యకు నడిచింది.

“ఐలేశం, జర ఆగు బేటా. తోటకూర కోసుకుంట.”

మొదటి కట్ట గోడ మీద నుంచి నా చేతికి ఇచ్చింది. రెండోది ఐలేశం సీటు మీద పెట్టింది. ఐలేశం ఇటూ అటూ చూసి ఇంజన్ బంద్ చేశాడు.

మా వార్డులో ఆ కాసేపు డీజిల్ ఆదా అయింది.